కారు కారదు కదా!

"బంగారంలాంటి బండికి నెత్తిన చిల్లేమిట్రా, నీకేం పొయ్యేకాలం!" అంది అమ్మ.

అనక ఏం చేస్తుంది చెప్పండి. ఆ బొలెరో మా నాన్న 2006లో చెరకు బిల్లు చేతికి రాగానే కొన్నది. ఆయన ఉన్నన్నాళ్లూ దాని అద్దం మీద దేవుడి బొమ్మ కూడా అంటించనివ్వలేదు. "దేవుడికి ఇంట్లో గూడుంది, అక్కడుంటాడు" అనేవాడు. ఆయన పోయాక పదిహేనేళ్ల గడువు తీరితే, అమ్మ పట్టుబట్టి దానికి మళ్లీ రిజిస్ట్రేషను చేయించింది. ఇప్పుడు మా తమ్ముడు దాని కప్పుకి సరిగ్గా నడిమధ్యన ముప్పావు అంగుళం బెజ్జం పెట్టి రేడియో ఏరియల్‌కి శాశ్వతమైన కుదురు బిగిస్తానంటున్నాడు.

మాది చందూరు. మా తాత నిజాంసాగర్ కాలవ నీళ్లని నమ్ముకుని కృష్ణా జిల్లానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ మా ఇంట్లో పెళ్లిళ్లూ చదువులూ బళ్లూ అన్నీ చెరకు బిల్లుతోనే. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు వేసిన చేలల్లో వరి వేసుకున్నాం. బండి మాత్రం మిగిలింది. అంచేత దాని కప్పుమీద చెయ్యి వేస్తే అమ్మకి నాన్న నెత్తిమీద చెయ్యి వేసినట్టే ఉంటుంది.

అదొక్కటే కాదు, అమ్మకి ఏరియల్ అంటేనే పాత పగ. 1987లో టీవీలో రామాయణం మొదలైనప్పుడు నాన్న మా పెంకుటింటి మీద ఇంత పొడుగు వెదురుబొంగు నిలబెట్టి ఏరియల్ కట్టించాడు. నాకప్పుడు ఏడేళ్లు. కట్టడానికి ఎక్కినవాడు అరడజను పెంకులు తొక్కేశాడు. ఆదివారం ఆదివారం చందూరు సగం మా ఇంట్లోనే ఉండేది. జూన్‌లో తొలివాన పడింది. కారిన నీళ్లు సరాసరి కొత్తావకాయ జాడీలోకే కారాయి. "మీ నాన్నకి రాముడు కనపడ్డాడు, నాకు ఆవకాయ పోయింది" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

"ఇల్లు కారితే కారెక్కుతాం. కారే కారితే ఎక్కడికెక్కుతాంరా?" అంది.

దీనికి మా తమ్ముడి దగ్గర జవాబు లేకపోలేదు. కానీ ఆ జవాబు చెప్పాలంటే ముందు 2023 జూలై సంగతి ఎత్తాలి. అది ఎత్తడం మా ముగ్గురికీ ఇష్టం లేదు.

ఆ జూలైలో మా జిల్లా వేల్పూరులో ఒక్కరోజునే నలభై సెంటీమీటర్ల పైచిలుకు వాన పడిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. మాకు అంత పడకపోయినా కరెంటు పోయింది, దాని వెనకాలే ఫోన్లూ పోయాయి. నేను నిజామాబాదులో ఉన్నాను. తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం. అమ్మ ఒక్కతే ఇక్కడ. రెండు రోజులు మేమిద్దరం ఒకరికొకరం ఫోన్లు చేసుకుని "నీకు దొరికిందా, నీకు దొరికిందా" అనుకోవడమే. అంతా బాగానే ఉండి ఉంటుందిలే అని నేనే వాడికి ధైర్యం చెప్పాను. నవలలు రాసేదాన్ని కదా, నా కథల్లో ఫోను తెగితే ఏదో ఒక ఘోరం జరిగి తీరుతుంది. నిజం జీవితంలో అలా జరగదని నాకో నమ్మకం.

మూడోరోజు వెళ్లేసరికి అమ్మ ఎడమచెయ్యి తువ్వాలుతో మెడకి కట్టుకుని కుడిచేత్తో అన్నం వారుస్తోంది. మొదటిరోజు పొద్దున్నే వాకిట్లో జారిపడింది. మణికట్టు విరిగింది. "పక్కవాళ్లని పిలవలేకపోయావా?" అంటే "వాళ్ల కొట్టంలో మోకాలిలోతు నీళ్లు, వాళ్ల బాధ వాళ్లది" అంది. అంతకంటే ఎక్కువ మాకేమీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ తరవాతే తమ్ముడు ఇంటినుంచి చేసుకునే ఉద్యోగం చూసుకుని చందూరు వచ్చేశాడు. ఎవరో చెప్పగా హామ్ రేడియో పుస్తకాలు ముందేసుకుని, పరీక్ష రాసి, వి.యు.3తో మొదలయ్యే పిలుపుపేరు ఒకటి తెచ్చుకున్నాడు. సెల్‌ఫోను మాట ముందు టవరుకెళ్లి, అక్కణ్ణించి అవతలివాడి దగ్గరికెళ్తుంది. టవరు చస్తే మాట చచ్చినట్టే. వీళ్ల రేడియోకి నడుమ ఎవరూ అక్కర్లేదట. ఈ చువ్వనుంచి ఆ చువ్వకి, అంతే.

అమ్మని ఒప్పించడానికి వాడు భారతీప్రసాద్ గారి కథ చెప్పాడు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకి చెందినావిడ. 2004 డిసెంబరులో కొందరు హామ్‌లతో కలిసి అండమాన్ వెళ్లి, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హోటల్లో రేడియో పెట్టుకుని దేశదేశాల వాళ్లతో మాట్లాడుతున్నారు. 26వ తేదీ తెల్లవారుతూ భూమి కదిలింది, తరవాత సునామీ. ఫోన్లు మూగబోతే ఆవిడా, ఆవిడ బృందమూ ఆ రేడియోల మీదే దీవుల్లోవాళ్ల క్షేమసమాచారాలు ప్రధాన భూభాగానికి అందించారు.

అమ్మ అంతా శ్రద్ధగా విని, "ఆవిడా కారుకి చిల్లు పెట్టిందా?" అంది.

చిల్లు లేకుండా ఏరియల్ నిలబెట్టే ఉపాయం లేకపోలేదు. అయస్కాంతపు కుదురు ఉంటుంది. తమ్ముడు మొదట అదే వాడాడు. దాని తీగ తలుపు సందులో పడి రోజూ నలిగేది. కుదురు కింద దుమ్ము చేరి కప్పుమీద గుండ్రంగా గీతలు పడ్డాయి. చివరికి వర్ని రోడ్డులో చింతకొమ్మ ఒకటి దాన్ని ఊడబెరికి పారేసింది. గీతలు చూసి అమ్మ కొంచెం మెత్తబడింది. "గీరుడు కంటే బెజ్జమే నయమేమో" అంది.

"అయినా నడినెత్తినే ఎందుకు? ఓ మూల పెట్టుకోరాదూ?" అని నేనడిగాను. బి.ఏ. చదివినదాన్ని, ఇలాంటివి ధైర్యంగా అడుగుతాను.

"పైన కనపడే చువ్వ సగం ఏరియలే అక్కా. మిగతా సగం కారు కప్పు" అన్నాడు. ఇనపరేకు చువ్వకి అద్దంలాంటిదిట. నడిమధ్యన పెడితే అన్ని వైపులకీ సమంగా పలుకుతుంది, మూల పెడితే ఒకవైపు పెద్ద గొంతు, ఒకవైపు చిన్న గొంతు. వాడు మాట్లాడే 145 మెగాహెర్ట్జ్‌కి చువ్వ పొడుగు 49 సెంటీమీటర్లు, అంటే మూర మీద రెండువేళ్లు. ఇంత చిన్న చువ్వా అని నాకు కొంచెం నిరాశ కలిగిన మాట నిజం.

ఓ ఆదివారం మేస్త్రీ వచ్చాడు. ముందు లోపలి దీపం ఊడదీసి, కప్పుకున్న గుడ్డ దించి, అడ్డబద్ద ఎక్కడుందో తడిమి చూశాడు. పైన రేకుకి నొక్కులున్నాయి కదా, చదునుగా ఉన్నచోటే గుర్తు పెట్టాడు. సీట్లమీద పాత దుప్పటి పరిచాడు. సన్న బెజ్జం ఒకటి వేసి, దానిమీద గుండ్రటి రంపం బిగించబోతుంటే అమ్మ వచ్చి బండికి ఆనుకుని నిలబడింది.

"జర దూరం నిలవడు పెద్దమ్మా, రజను కండ్లల్ల పడ్తది" అన్నాడు మేస్త్రీ.

"పడనీలే నాయనా. కానీయ్" అంది అమ్మ. కదల్లేదు.

అరనిమిషం పట్టిందేమో. రూపాయి బిళ్లకంటే చిన్న రేకుముక్క టింగుమని ఊడి దుప్పటి మీద పడింది. అమ్మ దాన్ని తీసి, వేడిగా ఉందని ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుని, కొంగున ముడేసుకుంది. ఎందుకని మేమెవరం అడగలేదు.

ఇనపరజను అంతా బ్రష్షుతో దులపాలిట, ఒక్క నలుసు మిగిలినా తుప్పు పడుతుంది. లోపలివైపు కుదురు పళ్లు కరుచుకునేచోట రంగు గోకాలి, ఇనుముకి ఇనుము తగలాలి. బెజ్జం అంచుకి మాత్రం రంగు పుయ్యాలి. మేస్త్రీ రంగు తేవడం మరిచాడు. చివరికి నా చేతిసంచీలోని గోళ్లరంగు పూశారు. తెల్లబండి, ఎర్రంచు. రబ్బరు వాచరు వేసి బిగిస్తే అది కనపడకుండా పోయిందనుకోండి. తీగని కప్పుగుడ్డలోంచి, తలుపు పక్క స్తంభంలోంచి దించి రేడియోకి కలిపారు. మీటరు పెట్టి చూసి, తమ్ముడు చువ్వని రెండుసార్లు కొసరు కత్తిరించాడు. బట్ట కత్తిరించినట్టే, ఎక్కువ తెగితే అతకదు.

వాన కోసం అమ్మ ఆగలేదు. రెండు బిందెలు నీళ్లు పోయించి, లోపల కూర్చుని కప్పుగుడ్డ తడిమి చూసింది.

అసలు వాన పదిరోజులకి పడింది. సాయంత్రం కరెంటు పోయింది. తమ్ముడు బండిలో కూర్చుని బోధన్‌లోని స్నేహితుణ్ణి పిలిచాడు. వెనక సీట్లో నేనూ అమ్మా. గరగరమన్నాక మాట పక్కగదిలోంచి వచ్చినట్టు వచ్చింది. అక్కడా వానేనట. అమ్మ ఒక చెయ్యి కప్పుకి ఆనించే ఉంచింది.

"కారు కారడం లేదే" అంది నాతో. తరవాత ముందుకి వంగి, "ఒరేయ్, నువ్వు ఊళ్లో లేనప్పుడు నేను మాట్లాడచ్చునా దీంట్లో?" అంది.

లైసెన్సు లేనివాళ్లు సొంతంగా మాట్లాడకూడదని వాడు చెప్పాడు. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాయవచ్చట. రేడియో సిద్ధాంతమూ, నిబంధనలూ చదవాలి. వాడి పుస్తకం నెల్లాళ్లుగా నా దగ్గరే ఉంది. ఓమ్ సూత్రం దగ్గర పేజీ మడిచి పెట్టాను.

అమ్మ కాసేపు వాన చూస్తూ కూర్చుంది.

"నిజామాబాదులో ఉండేది ఇది కదా. దీని పరీక్ష ఎప్పుడో కనుక్కో" అంది.