గాలా? ఆవిరా?

మా వైపు ఎండాకాలంలో పాత బండి ఏది ఆగినా ఒకటే మాట: "గాలి పట్టేసిందండీ." ఇంటర్నెట్‌లో అవే లక్షణాలు కొట్టి వెతికితే మాత్రం "వేపర్ లాక్" అని వస్తుంది. రెండింటిలోనూ ఇంజిన్‌కి ఇంధనం అందదు. కానీ ఒకటి గాలి, ఇంకోటి ఆవిరి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఈ రెండు తెలుగు మాటల మధ్య తేడా ఎంత విలువైందో పోయిన వేసవి సెలవుల్లో తెలిసింది.

మా మావయ్యకి ఓ పాత డీజిల్ లారీ ఉంది. ద్వారకా తిరుమల చుట్టుపక్కల తోటల నుంచి పెదవేగి మిల్లుకి ఆయిల్ పామ్ గెలలు తోలుతుంది. కోసిన గెల ఆలస్యమయ్యేకొద్దీ నూనెలో ఆమ్లం పెరుగుతుంది. అందుకే 24 గంటల్లోపు చేర్చాలంటారు. అలాంటిది మే నెలలో ఒకే వారంలో మూడుసార్లు ఆగింది. రైతులు వేరే బండి చూసుకుంటామన్నారు. ఒక మెకానిక్ పంపు మొత్తం విప్పాలన్నాడు. అత్తయ్యైతే "అమ్మేయండి, పీడా పోద్ది" అంది.

ముందు ఆవిరి సంగతి. పెట్రోల్ 40 డిగ్రీల లోపే మరగడం మొదలవుతుంది. కార్బురేటర్ ఉన్న పాత పెట్రోల్ జీపుల్లో పంపు వేడి ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. అది ట్యాంకు నుంచి పెట్రోల్‌ని లాగేటప్పుడు పైపులో ఒత్తిడి తగ్గి, ఇంకా తొందరగా ఆవిరవుతుంది. ఆ ఆవిరిని పంపు తోయలేదు. ఎండలో నడిచిన జీపు పది నిమిషాలు ఆపాక స్టార్ట్ అవ్వదు. ప్లగ్‌లో స్పార్క్ ఉంటుంది. చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేస్తే ఇంకా త్వరగా. మళ్లీ రాకుండా ఉండాలంటే పైపుని సైలెన్సర్ గొట్టానికి దూరం జరపాలి, మధ్యలో రేకు అడ్డం పెట్టాలి. ట్యాంకు పక్కన ఎలక్ట్రిక్ పంపు పెడితే అది లాగకుండా తోస్తుంది.

డీజిల్ అలా కాదు. సుమారు 160 డిగ్రీలు దాటితే గానీ మరగదు. మా ఏలూరు ఎండ దాన్నేం చేయలేదు. మూడోసారి ఆగినప్పుడు మావయ్య గంటసేపు చల్లార్చినా లారీ స్టార్ట్ కాలేదు. అసలు పరీక్ష ఇదే. ఆవిరి చల్లారితే మళ్లీ ద్రవమైపోతుంది. బయటి నుంచి దూరిన గాలి ఎంతసేపు కూర్చున్నా పోదు, మనమే తీయాలి.

మావయ్య ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి "కొట్టరా అల్లుడూ" అన్నాడు. నేను చేతి పంపు కొడుతుంటే ముందు నురగ వచ్చింది, తర్వాత బుడగల్లేని డీజిల్. స్క్రూ బిగించాక బండి స్టార్ట్ అయ్యింది. కానీ గాలి దూరే దారి ఇంకా అలాగే ఉంది కదా!

కింద ఒక్క చుక్క కారలేదు. పంపు దాటాక చిల్లు పడితే డీజిల్ బయటికి వస్తుంది. పంపుకి ముందు పడితే ఆ లాగుడుకి గాలే లోపలికి పోతుంది. అందుకే తడి కనపడదు. అప్పుడు సీఎస్ వాళ్లందరికీ తెలిసిన పనే చేశాం: దారిని రెండు ముక్కలు చేసి చూడటం. ట్యాంకు పైపు ఊడదీసి, క్యాన్‌లో డీజిల్ పోసి, లోపలిది కనపడే ప్లాస్టిక్ గొట్టంతో పంపుకి కలిపాం. అరగంట నడిచినా ఒక్క బుడగ లేదు. అంటే పంపు బాగానే ఉంది, తేడా ట్యాంకుకీ పంపుకీ మధ్యలో. వెతికితే క్లిప్పు కింద బిరుసెక్కి పగిలిన రబ్బరు గొట్టం దొరికింది, మూరెడు ముక్క. గొట్టం, క్లిప్పులు, రాగి వాషర్లు కొత్తవి వేశాం. పంపు విప్పలేదు, లారీ అమ్మలేదు.

ఇప్పుడు మావయ్య ట్యాంకుని పావు కంటే కిందకి దిగనివ్వడు. కొత్త ఫిల్టర్‌ని డీజిల్‌తో నింపాకే బిగిస్తాడు.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే, ఆగిన వెంటనే సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించేయకండి. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ గొట్టం అస్సలు విప్పకండి, మంటలు లేస్తాయి. ఓ అరగంట చెట్టు కింద కూర్చోండి. తర్వాత స్టార్ట్ అయితే ఆవిరిని అనుమానించండి, అవ్వకపోతే గాలిని.