పెగ్గుల మధ్య ఒక సోడా

తెలుగు సినిమాలో బారు చూడనివాళ్ళు ఎవరైనా వున్నారా? గోడ నిండా రంగురంగుల సీసాలు, గిర్రున తిరిగే లైట్లు, మధ్యలో జ్యోతిలక్ష్మో జయమాలినో, మూల టేబులు దగ్గర చుట్ట కాలుస్తూ విలన్ గారు, మెట్లు దిగుతూ హీరో గారు. పాట అవగానే ఫైటు. ఫైటులో ముందు పగిలేవి ఆ సీసాలే! చిన్నప్పట్నించీ ఇవే చూసిన కళ్ళతో విశాఖపట్నంలో నిజం బార్లోకి అడుగు పెడితే ఏమవుతుందో తెలుసా? ఏమీ కనపడదు. అంత చీకటి! పాటా లేదు, ఫైటూ లేదు. గోడ మీద టీవీలో క్రికెట్టు. చీకట్లోంచి ఒక గొంతు, “ఎంతమందేటి బాబూ?” అంటుంది. అంతే.

మేం నలుగురం. ఇద్దరు సీరియస్‌గా పుచ్చుకునేవాళ్ళు. నేను ‘కంపెనీకి ఒక్క బీరు’ బాపతు. నాలుగోవాడు సోడా. అసలు పేరు రాస్తే వూరుకోడు కనక ముఠాలో పిలిచే పేరే రాస్తున్నాను. ముప్పై దాటిన మనిషి. ఇరవై ఒకటి నిండాలన్న రూలు అడ్డమూ కాదు, ఏ స్వామి మాలా వెయ్యలేదు. తాగడు, అంతే. కానీ మేం ఎక్కడికి బయల్దేరినా ముందు సీట్లో, కాదు కాదు, డ్రైవరు సీట్లో వుంటాడు.

ఒక శనివారం ఫస్ట్ షో ఎగ్గొట్టి మరీ ఊరు తిరిగేం. మొదలు వన్‌టౌన్. 1933లో ‘జలదుర్గ’ అనే ఓడ వచ్చి రేవుకి శ్రీకారం చుట్టిన నాటినించీ ఓడలవాళ్ళని చూసిన పేట అది. సినిమాల్లో అయితే చారల బనీను వేసుకున్న నావికులు బల్లలెక్కి గంతులేస్తూ వుండాలి. మాకు ఒక్కడూ కనపడలేదు. పూర్వం ఓడ ఖాళీ కావాలంటే రోజులు పట్టేది. నావికుడికి ఊళ్ళో తిరిగే తీరిక వుండేది. ఇప్పుడు కంటైనర్ ఓడ వచ్చి, ఒక రోజులో సరుకు దించి ఎక్కించుకుని పోతోంది. ఆ బార్లో వున్నవాళ్ళంతా మనవాళ్ళే. కలాసీలు, లారీలవాళ్ళు, చేపల రేవు పనివాళ్ళు. వుడకబెట్టిన గుడ్లు, శనగలు, మిరపకాయ ఘాటున్న చేప వేపుడు. పెద్దాయన ఒకాయన సర్వరు. మా వాడు “నాకు సోడా” అనగానే ఎందుకని అడగలేదు. “ఉత్త కడుపుతో సోడా తాగొద్దు బావూ, గేస్ పడతాది” అని, అడక్కుండానే రెండు గుడ్లు తెచ్చి పెట్టేడు. ఆ రాత్రి మొత్తంలో మా సోడాకి జరిగిన పెద్ద మర్యాద అదే.

ఈ పేట గురించి ఒక మాట. రావిశాస్త్రి గారు విశాఖపట్నం ప్లీడరు. మద్యనిషేధం రోజుల్లో దొంగసారా కేసుల చుట్టూ పోలీసులు, పేదలు, పెద్దమనుషులు ఎలా తిరిగేరో ‘ఆరు సారా కథలు’గా రాశారు. కుర్రకారు చదవాలి. ఏ సినిమా బారూ దాని ముందు నిలవదు.

అక్కణ్ణించి జగదాంబ సెంటరు వైపు. ఇక్కడ ఏసీ, మెత్తటి సోఫాలు, మెనూ కార్డుకి అట్ట. సర్వరు మూడుసార్లు అడిగేడు, “సోడా మాత్రమేనా సార్? బీరైనా పుచ్చుకోండి సార్!” అని. మూడోసారికి పక్క టేబులువాళ్ళు తిరిగి చూశారు. తాగితే తాగుబోతంటారు, తాగకపోతే వింత మృగంలా చూస్తారు! మావాళ్ళలో ఒకడు ఆపుకోలేక, “ఒరేయ్, దేవదాసు పుట్టిన దేశంలో నువ్వెలా పుట్టేవురా?” అన్నాడు.

సోడా నవ్వేడు. “1953లో ఆ సినిమా తీసినప్పుడు తాగుబోతు సీన్లకి రాత్రిళ్ళు షూటింగు పెట్టేరు తెలుసా? నాగేశ్వర్రావు గారి నిద్రకళ్ళు చూసి మనం మత్తనుకున్నాం. మా నాన్నకి అంత నటన రాదు. ఆయనవి నిజం కళ్ళే” అన్నాడు.

తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు. వాడే చెప్పేడు. వాళ్ళ నాన్న స్టీల్‌ప్లాంటులో కార్మికుడు. బి షిఫ్టు రాత్రి పదింటికి దిగితే ఇంటికి ఏ పన్నెండుకో చేరేవాడు. జీతం రోజున వాళ్ళమ్మ పిల్లల్ని తీసుకుని కూర్మన్నపాలెం గేటు దగ్గర నిలబడేది, బార్ల కంటే ముందు తను ఎదురవ్వాలని. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1995 జనవరిలో రామారావు గారి ప్రభుత్వం సంపూర్ణ నిషేధం పెట్టింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. మనకివి పరీక్షలో రాసే సంవత్సరాలు. “ఆ రెండేళ్ళూ మా అమ్మకి సంసారం” అన్నాడు సోడా.

“దొంగసరుకు దొరికేది కదరా?” అన్నాను.

“దొరికేది. మా నాన్నకి పోలీసంటే భయం. అదే అమ్మ అదృష్టం!”

నిషేధం మంచిదా చెడ్డదా అని నేను తీర్పు చెప్పను. కానీ మన హీరో తాగితే థియేటర్లో ఈలలు వేస్తాం. ఆ హీరో ఇంటి గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి మీద కెమెరా ఎంతసేపు పెట్టేరో ఎప్పుడైనా లెక్కపెట్టేరా? ఆ మాటకొస్తే 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ నాకు అందుకే ఇష్టం. అందులో గడ్డం అనే కుర్రాడు మందుషాపు కౌంటరు వెనక వుంటాడు. ముసుగులోంచి కళ్ళు మాత్రమే కనపడే ఒకమ్మాయి రోజూ వచ్చి మందు కొనుక్కెళుతుంది. వాడు ఆ కళ్ళని ప్రేమిస్తాడు. మందు సీసాకి అటువైపూ ఇటువైపూ మనుషులుంటారని మన ఊరి సినిమాయే చెప్పింది.

చివరికి బీచ్ రోడ్డు వైపు ఒక లౌంజి. మన ఊళ్ళో ‘వైన్స్’ అని బోర్డున్న షాపులో ఎవరూ వైన్ అడగరు కదా, ఇక్కడ నిజంగానే వైన్ పోస్తారు. పొడుగు కాడ గ్లాసు, అడుగున రెండు గుక్కలు. తిప్పాలిట, వాసన చూడాలిట, అప్పుడు తాగాలిట. మా సీరియస్‌గాడు తిప్పకుండానే మింగి, “పుల్లమజ్జిగే నయం” అన్నాడు. ఆడపిల్లలు నలుగురైదుగురు ఓ టేబులు దగ్గర హాయిగా నవ్వుకుంటున్నారు, ఎవరూ గుడ్లప్పగించి చూడ్డం లేదు. ఈ ఒక్క విషయంలో లౌంజికి నూటికి నూరు మార్కులు. పాత బార్లలో ఆడమనిషి కూర్చునే కుర్చీయే వుండదు. సోడాకి మాత్రం నిమ్మాకూ పుదీనాకూ వేసిన ‘మాక్‌టెయిల్’ వచ్చింది. బిల్లు చూస్తే నా బీరుకీ దానికీ పెద్ద తేడా లేదు. “తాగనివాడికి జరిమానా” అన్నాడు వాడు, కిటికీలోంచి సముద్రం చూస్తూ.

తిరిగొచ్చేటప్పుడు పోలీసులు ఆపేరు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే కేసే. మొదటిసారికే పదివేలు జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. కారు నిండా మా ముగ్గురి ఘుమఘుమలు! కానిస్టేబులు మా సోడాని ఊదమన్నాడు. సున్నా. నమ్మలేదు. “గట్టిగా ఊదు!” అన్నాడు. మళ్ళీ సున్నా. మా మొహాలు చూసి, వాడి మొహం చూసి, పొమ్మన్నాడు.

అందర్నీ దింపేక చివరికి నేనూ వాడూ మిగిలేం. “ఇంత చేదు వున్నవాడివి మాతో ఎందుకొస్తావురా?” అని అడిగేను.

“మీరు మాట్లాడేది అక్కడేగా” అన్నాడు. “ఆఫీసులో ఒక్కడూ నోరు విప్పరు.”

మా వీధి మొదట్లో కారాపి, దిగి, వెనక డిక్కీ తెరిచేడు. అందులో ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి మడతపెట్టి వుంది. ఒంటి మీద చొక్కా విప్పి అది తొడుక్కున్నాడు. వాళ్ళమ్మ ఎంత రాత్రయినా లేచి తనే తలుపు తీస్తుందిట. తీసి, పక్కకి తప్పుకోకుండా ఒక్క క్షణం దగ్గరగా నిలబడుతుందిట. ఎందుకని వాడు ఎప్పుడూ అడగలేదు. ఆవిడా ఎప్పుడూ చెప్పలేదు.