గోదారికి సినిమా తెలీదండీ!

మా నాన్నగారికి ఓ పిచ్చి ఉంది. ‘అందాల రాముడు’ పిచ్చి!

బాపు - రమణల ఆ సినిమా 1973లో విడుదలైనప్పుడు ఆయన కాలేజీ కుర్రాడు. రాజమండ్రిలో లాంచీ ఎక్కి, సీతారామకల్యాణం చూడ్డానికి భద్రాచలం బయల్దేరిన జనం కథ అది. నాగేశ్వరరావుగారు, లత, మహదేవన్ గారి పాటలు, వాటన్నిటికీ మించి గోదావరి! ఎన్నిసార్లు చూశారో ఆయనకే లెక్కలేదు. “ఒక్కసారైనా ఆ లాంచీ ఎక్కాలిరా” అనేవారు. ఉద్యోగం, పిల్లలు, ఇంటి అప్పు... ఎక్కలేదు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ వచ్చినప్పుడు నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. సుమంత్, కమలినీ ముఖర్జీ తెర మీద పోట్లాడుకుంటుంటే ఈయన మాత్రం వెనకాల కొండల్నే చూస్తూ కూచున్నారు.

అలాంటి నాన్నగారిని 2019 జనవరిలో నేనే లాంచీ ఎక్కించాను. ఆ గొప్ప చెప్పుకోవడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాననుకుంటున్నారేమో, కాదు. చివరిదాకా చదవండి!

షికారు క్లబ్బు

హైదరాబాదులో మాదో చిన్న క్లబ్బు ఉంది. బ్యాంకు వాళ్ళు, టీచర్లు, ఇద్దరు డాక్టర్లు, నాలాంటి కలంపోటుగాళ్ళు... నెలనెలా కొంత వేసుకుని, కాస్త జమయ్యాక శని, ఆదివారాల్లో ఎక్కడ నీళ్ళుంటే అక్కడికి పోతాం. సాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచీలో వెళ్ళొచ్చాం. ఈసారి పాపికొండలు అన్నారు. నాన్నగారి పేరు కూడా రాయించేశాను.

శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి రాజమండ్రిలో దిగాం. అక్కణ్ణుంచి బస్సులో పురుషోత్తపట్నం రేవు. రెండంతస్తుల లాంచీ. కింద బెంచీలు, పైన కుర్చీలు, ఓ మూల చెవులు చిల్లులు పడే స్పీకరూ. మేం ఇరవై మందిమి, ఇంకా వేరే కుటుంబాలు. ఎక్కగానే వేడి వేడి ఉప్మా, దాంతోపాటు తలా ఒక నారింజరంగు లైఫ్ జాకెట్టూ చేతిలో పెట్టారు. ఉప్మా అందరూ ఇష్టంగా తిన్నారు. జాకెట్టు మాత్రం ముక్కు మూసుకుని తొడుక్కున్నారు. ఎంతమంది చెమట పీల్చిందో పాపం!

సరంగు యాభై దాటిన మనిషి. బక్కపలచగా, చుట్ట రంగులో ఉన్నాడు. స్టీరింగు దగ్గర నిలబడితే పలకరించినా తిరిగి చూడడు. చూపంతా నీళ్ళ మీదే.

గండిపోచమ్మ గుడి దగ్గర దణ్ణాలు పెట్టుకున్నాం. దేవీపట్నం దాటాం. అక్కణ్ణుంచి కొండలు దగ్గరికి జరుగుతూ వచ్చాయి. రాజమండ్రి దగ్గర ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు కనపడీ కనపడనట్టుండే గోదావరి, ఇక్కడ రెండు కొండల మధ్య ఇరుక్కుని సన్నబడిపోతుంది. సన్నబడిన మేరకి లోతవుతుందన్న సంగతి మాత్రం పైకి కనపడదు. పైన అద్దంలా ఉంటుంది. నాన్నగారు రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. నోట మాట లేదు.

ఆ క్షణాన నాలో జర్నలిస్టు నిద్ర లేచాడు!

“అందరూ ఇటు రండి!”

ఓ సినిమా పత్రిక వాళ్ళు ‘అందాల రాముడు దారిలో’ అని వ్యాసం అడిగారు. ఫోటో కావాలి. నారింజ జాకెట్లు వేసుకుని గోనెబస్తాల్లా ఉన్న జనం ఫోటో ఎవడిక్కావాలి చెప్పండి? “జాకెట్లు తీసెయ్యండి, అందరూ ఎడమవైపు రెయిలింగు దగ్గరికి రండి, నాన్నగారూ మీరు మధ్యలో నిలబడండి, కొండలు వెనకాల పడాలి” అన్నాను. పత్రికలో ఫోటో అంటే ఎవరు కాదంటారు? మా వాళ్ళే కాదు, కింద కూచున్న కుటుంబాల వాళ్ళు కూడా పిల్లల్నెత్తుకుని పైకి వచ్చేశారు.

లాంచీ ఎడమవైపుకి ఒరిగింది. ఎక్కువేం కాదు. టీ గ్లాసు ఒకటి బల్ల మీద నుంచి జారి పగిలింది, అంతే. జనం “ఓ...” అని సరదాగా అరిచారు. నేను కెమెరాలోంచి చూస్తున్నాను.

ఇంజను శబ్దం తగ్గింది. వెనకాల నుంచి ఓ కేక. “దిగండి కిందకి! దిగండంటే మీక్కాదా!”

సరంగు! స్టీరింగు కుర్రాడి చేతికిచ్చి పైకి వచ్చాడు. అందరి ముందూ నా మీద విరుచుకుపడ్డాడు.

“ఏం బాబుగారూ, చదువుకున్నోరు కదండీ తమరు? ఇది కచ్చులూరు మందం. ఇక్కడ నీళ్ళు పైకొకలాగ, అడుగునొకలాగ తిరుగుతాయి. లాంచీ అంటే తక్కెడండీ. బరువంతా పైకెక్కించి ఓ పక్కకి తోస్తే ఏమవుద్ది? కిందటి మే నెల్లో మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు శవాలు తీసినోళ్ళలో నేనూ ఉన్నాను.”

“ఒక్క ఫోటో కోసమండీ... సినిమా పత్రికకి...” అన్నాను.

“గోదారికి సినిమా తెలీదండీ!” అన్నాడు.

తర్వాత నాన్నగారి జాకెట్టు కుర్చీ మీద నుంచి తీసి, తనే తొడిగి, బకిల్సు మూడూ టకటకా పెట్టి, లాగి చూసి కిందకి వెళ్ళిపోయాడు.

నా మొహం ఎలా ఉందో చెప్పను. ఆ తర్వాత పేరంటపల్లి గుడీ, వెదురు బొంగుల్లో కాల్చిన కోడీ, ఇసుక తిన్నె మీద వెదురు గుడిసెల్లో రాత్రీ... ఏదీ రుచించలేదు. నాన్నగారు మాత్రం అర్ధరాత్రి దాకా ఇసుకలో కూచుని నీళ్ళ చప్పుడు విన్నారు. “చాలురా అబ్బాయ్” అన్నారొక్కసారి.

ఇంటికొచ్చాక వ్యాసం రాశాను. అందులో ఆ సరంగుని వదల్లేదు. రావు గోపాలరావుగారి లెవెల్లో విలన్‌ని చేసి, అర పేజీ వెటకారం చేశాను. చదివినవాళ్ళు భలేగా నవ్వుకున్నారు. నాన్నగారు నవ్వలేదు. కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు.

సెప్టెంబరు 15

అది ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ పెట్టాం. పాపికొండల దారిలో పర్యాటకుల బోటు మునిగింది. వరద రోజులు. గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కుల నీరు పారుతోంది. బోటులో డెబ్భై మందికి పైగా ఉన్నారు. కచ్చులూరు అన్న పేరు వినగానే నాన్నగారి చేతిలో రిమోటు ఆగిపోయింది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళ గిరిజనులు పడవలేసుకుని వెళ్ళి కొందర్ని ఒడ్డుకి చేర్చారు. లైఫ్ జాకెట్లే తమని తేల్చాయని బతికినవాళ్ళు చెబుతుంటే విన్నాం. సగానికి పైగా తిరిగి రాలేదు. బోటు ఎంత లోతుకి పోయిందంటే, కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం రోజుల తరబడి లంగర్లు వేసి, తాళ్ళు తెగి, మళ్ళీ వేసి, చివరికి అక్టోబరు 22న గానీ పైకి తీయలేకపోయింది.

ఆ సాయంత్రం నాన్నగారు అడిగింది ఒక్కటే. “మనల్ని తిట్టినాయన పేరేంట్రా?”

నాకు తెలీదు! ఆయన మీద అర పేజీ రాశాను. చుట్ట రంగు రాశాను, గొంతు రాశాను, నడక రాశాను. పేరు అడగలేదు. అప్పుడనిపించింది. ‘మూగ మనసులు’లో పడవవాడు గోపీ కోసం మూడు గంటలు ఏడ్చినవాణ్ణి, నిజం పడవవాడు ఎదురైతే గుర్తుపట్టలేకపోయానని.

మళ్ళీ రేవుకి

ఆ ప్రమాదం తర్వాత బోట్లన్నీ ఆగిపోయాయి. 2020లో ప్రభుత్వం బోటు కంట్రోల్ రూములు పెట్టింది. 2021లో పోలవరం పనుల కోసం నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించాక దారులు కూడా మారిపోయాయి. 2023 జనవరిలో నేనొక్కణ్ణే వెళ్ళాను. బోటు గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి బయల్దేరింది. దారిలో దేవీపట్నం చూస్తే కడుపు తరుక్కుపోయింది. వరదలకి నాని, మనుషుల్లేని ఇళ్ళు.

రేవులో ముగ్గుర్ని అడిగాక ఆయన దొరికాడు. ఓ బోటు పక్కన కూచుని తాడు పేనుతున్నాడు. బోట్లు ఆగిన రోజుల్లో చేపల వేట చేసుకున్నాట్ట. దగ్గర కూచుని, జరిగిందంతా చెప్పి, “క్షమించండి” అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు.

“గుర్తు లేదండీ. రోజుకో ఫోటో బాబు ఎక్కుతాడు. ఎంతమందినని గుర్తెట్టుకుంటాం?” అన్నాడు.

తర్వాత తనే అడిగాడు. “పెద్దాయన బాగున్నారాండీ?”

నన్ను మర్చిపోయాడు గానీ, జాకెట్టు తొడిగిన ముసలాయన్ని మర్చిపోలేదు!

ఈసారి పేరు అడిగాను. చెప్పాడు. పత్రికలో రాస్తానంటే చెయ్యి అడ్డం పెట్టి “వద్దండీ బాబూ, మా పేర్లు పేపర్లో పడేది ఒక్కందుకే, అది వద్దు” అన్నాడు. అందుకే పాఠకులకి ఆ పేరు చెప్పడం లేదు. నాన్నగారికి మాత్రం చెప్పాను. ఆయన తన డైరీలో రాసుకున్నారు.

అన్నట్టు, ఆ ఫోటో పడనే లేదు. నేను బటన్ నొక్కిన క్షణంలోనే లాంచీ ఒరిగినట్టుంది. కొండలు వంకరగా, జనం సగం సగం. మధ్యలో జాకెట్టు లేకుండా నవ్వుతూ మా నాన్నగారు. చెరిపేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఉంచుకున్నాను. ఎక్కడైనా బోటెక్కే ముందు ఓసారి తీసి చూసుకుంటాను. ఆ తర్వాతే జాకెట్టు తీసి తొడుక్కుంటాను, చెమట వాసనతో సహా!