నానమ్మ కిటికీకి నేను వేసిన ప్యాచ్

మేడ్చల్‌లో మా పాతింటికి పడమటి వైపు ఒక కిటికీ ఉంది. గోడలోంచి రెండడుగులు బయటికి పొడుచుకొచ్చి, మూడు పక్కలా అద్దాలతో ఉంటుంది. సినిమాల్లో ఇంగ్లీషు బంగళాలకి ఉంటుందే 'బే విండో', అదన్నమాట. తాత ఎక్కడ చూసి కట్టించాడో గానీ, దాని లోపలి గట్టు మాత్రం నానమ్మది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అక్కడ కూర్చుని, నాగ్‌పూర్ హైవే వైపు పోయే బండ్లనీ మనుషుల్నీ చూస్తూ ఉంటుంది.

పోయినేడు మే నెలలో అక్కడే ఆమెకి వడదెబ్బ తగిలింది. రెండ్రోజులు సెలైన్ ఎక్కించారు. "ఇటుకలు పెట్టి మూసేద్దాం, ఏసీ పెట్టిద్దాం" అన్నాడు నాన్న. నేను ఇంజనీర్ని కదా, ఊరుకుంటానా! నెట్‌లో 'ఇన్సులేషన్' అని వెతికి, అద్దాలకి లోపలివైపు థర్మోకోల్ అతికించి, సందుల్లో ఫోమ్ టేపు కుక్కాను. వారం తిరక్కుండానే ఒక అద్దం నిలువునా పగిలింది. నానమ్మేమో "గోదాంల కూసున్నట్టుంది బిడ్డా" అని మంచం మీదికి మారిపోయింది. గొడవ చెయ్యలేదు. అదే ఎక్కువ బాధేసింది.

శామీర్‌పేట నుంచి వచ్చిన వడ్రంగి రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "ఎండ అద్దం దాటినంక ఆపితే ఏం లాభం సార్? బయటనే ఆపాలె." నిజమే కదండీ! లోపలికొచ్చిన వేడి అద్దానికీ థర్మోకోల్‌కీ మధ్య ఇరుక్కుంది. గట్టిపడ్డ పాత లప్పంలో అద్దం వ్యాకోచించడానికి చోటే లేదు. మరి పైన సజ్జా ఉంది కదా అంటారా? సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే అది పనికొస్తుంది. సాయంత్రం నాలుగింటి ఎండ దాని కిందనుంచి దూరుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో ఇవన్నీ రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను :-)

లప్పం గీకి, అద్దాల చుట్టూ కాస్త వదులుంచి మళ్ళీ బిగించాడు. చెదలు తిన్నంత మేరకే కింది చట్టం కోసి కొత్త టేకు ముక్క అతికాడు. బయట మూడు పక్కలా వెదురు తెరలు కట్టాడు. తొలకరికి ఉబ్బి బిగుసుకున్న రెక్కని చిత్రిక పట్టమంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఇప్పుడు చెక్కితే ఎండాకాలం సందు పడ్తది. చలికాలం వస్త" అన్నాడు. అన్నట్టే వచ్చాడు.

ఆఫీసులో యూజర్‌ని అడక్కుండా ఫీచర్ పీకేస్తే ఎంత గోల చేస్తామో మీకు తెలుసు. ఇంట్లో నాన్నా నేనూ చేసింది అదే. గది చల్లబడితే చాలనుకున్నాం, ఆమెకేం కావాలో అడగలేదు.

ఈ మే నెల కూడా గడిచింది. వేడి లేదని కాదు, పక్కన నీళ్ళ చెంబు పెట్టుకుని కూర్చోగలుగుతోంది. "అవుపడ్తున్నదా?" అంటే, తెర సందుల్లోంచి కళ్ళు తిప్పకుండానే "అవుపడ్తున్నది" అంది. నాన్న ఏసీ సంగతి మళ్ళీ ఎత్తుతున్నాడు. పెట్టించుకోనీండి, కిటికీ జోలికి మాత్రం రానివ్వను.