పట్టుదారానికి కట్టిన క్యాబేజీ ముక్క

భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చున్నారు కదా, ఇవాళ కడుపు గురించే కబుర్లు చెప్పుకుందాం. తిన్నది లోపల ఏమవుతుంది? జఠరాగ్ని అరిగిస్తుందని మన పెద్దలన్నారు. రెండు వందల ఏళ్ల కిందట ఐరోపాలోనూ అమెరికాలోనూ పేరుమోసిన వైద్యులు కూడా ఈ సంగతిమీద తలో మాట చెప్పేవారు. పొట్ట తిన్నదాన్ని రుబ్బుతుందని ఒకరు, లోపల అది పులుస్తుందని ఇంకొకరు, కుళ్లుతుందని వేరొకరు. పక్షుల చేతా, జంతువుల చేతా చిల్లులున్న గొట్టాలు మింగించి పరీక్షించినవాళ్లూ ఉన్నారు. కానీ బతికున్న మనిషి పొట్టలోకి తొంగిచూసి, అన్నం అరుగుతుండగా గడియారం పెట్టుకుని వివరాలు రాసుకున్న ఒక వైద్యుడికి కాలేజీ పట్టాయే లేదు. పల్లెటూరి డాక్టరు దగ్గర శిష్యరికం చేసి సైన్యంలో చేరినవాడు. పేరు విలియం బోమాంట్.

ఈయన 1785లో కనెటికట్ రాష్ట్రంలోని లెబనన్ అనే ఊళ్లో రైతు ఇంట పుట్టాడు. ఇరవయ్యొకటో ఏట ఇల్లు వదిలి ఉత్తరానికి వెళ్లి, కెనడా సరిహద్దు దగ్గర షాంప్లేన్ అనే ఊళ్లో బడి పంతులుగా చేరాడు. దొరికిన వైద్య పుస్తకమల్లా చదివాడు. తర్వాత వెర్మాంట్‌లో బెంజమిన్ చాండ్లర్ అనే డాక్టరు ఇంట్లో ఉంటూ పని నేర్చుకున్నాడు. మందులు నూరడం, సీసాలు కడగడం, రోగుల ఇళ్లకు వెంట వెళ్లడం, చచ్చిపోయినవాళ్లను కోసి చూడటం, ప్రతి రోగి సంగతీ రాసిపెట్టుకోవడం. ఈ రాసిపెట్టుకోవడాన్ని గుర్తుంచుకోండి. ఆయన్ని గొప్పవాణ్ణి చేసింది ఆ అలవాటేనని నా నమ్మకం.

1812లో లైసెన్సు చేతికొచ్చింది. అదే ఏడు బ్రిటన్‌తో యుద్ధం మొదలైంది. సైన్యంలో సర్జన్‌కు సహాయకుడిగా చేరాడు. 1813 ఏప్రిల్లో, ఇప్పుడు టొరంటో అంటున్న యార్క్ పట్నం మీద అమెరికా సేన దాడి చేసినప్పుడు, వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్‌వాళ్లు తమ మందుగుండు కొట్టును పేల్చేశారు. పైకెగిరిన రాళ్లు మీదపడి అమెరికా సేనాని పైక్ కూడా చనిపోయాడు. ఆ రోజున మొదలుపెట్టి నలభై ఎనిమిది గంటలపాటు తిండీ నిద్రా లేకుండా చేతులూ కాళ్లూ తీసేస్తూ, పగిలిన పుర్రెలకు చికిత్స చేస్తూనే ఉన్నానని బోమాంట్ డైరీలో రాసుకున్నాడు. అప్పటికింకా మత్తుమందు రాలేదు. యుద్ధం ముగిశాక సైన్యం వదిలి ప్లాట్స్‌బర్గ్‌లో మామూలు డాక్టరుగా కొన్నేళ్లు గడిపాడు. మళ్లీ సైన్యంలోకి వెళ్తే మాకినా కోటకు వేశారు.

మాకినా అనేది హ్యూరాన్, మిషిగన్ సరస్సులు కలిసేచోట ఒక చిన్న దీవి. చలికాలమంతా మంచులో మునిగిపోతుంది. ఆ రోజుల్లో వేసవి రాగానే అడవుల్లోంచి బీవర్ తోళ్లూ ఇతర బొచ్చు తోళ్లూ పడవల్లో దిగేవి, తీరమంతా తిరునాళ్లలా మారిపోయేది. సిపాయిలు, తోళ్ల వర్తకులు, ఫ్రెంచి మాట్లాడే కెనడా పడవవాళ్లు, చుట్టుపక్కల ఆదివాసులు, ఇంతమందికీ ఉన్న డాక్టరు బోమాంట్ ఒక్కడే.

1822 జూన్ 6న అమెరికన్ ఫర్ కంపెనీ దుకాణంలో పక్షుల వేటకు గుళ్లు దట్టించి పెట్టిన తుపాకీ పొరపాటున పేలింది. గొట్టానికి గజం దూరం కూడా లేకుండా నిలబడ్డ ఒక పడవ కుర్రాడికి ఎడమ రొమ్ము కింద తగిలింది. అతనే అలెక్సిస్ సెయింట్ మార్టిన్, కెనడావాడు. అరగంటలోపే డాక్టరు వచ్చాడు. అరచేయంత గాయం. పక్కటెముకలు విరిగాయి, చొక్కా ఇంకా కాలుతోంది. ఊపిరితిత్తి ముక్క ఒకటి బయటికి పొడుచుకొచ్చింది, దాని కింద పొట్ట కూడా. పొట్టకు పడిన చిల్లులోంచి ఆ పొద్దున తిన్న ఫలహారం కారుతోంది. ఊపిరితిత్తి విరిగిన ఎముక మొనకు తగులుకుని లోపలికి పోలేదు. బోమాంట్ దాన్ని వేలితో పైకెత్తి, ఎముక మొన కత్తిరించి లోపలికి నెట్టాడు. ముప్పై ఆరు గంటలు బతకడనుకున్నాడు.

బతికాడు. మొదట్లో పదిహేడు రోజులు ఏం తిన్నా చిల్లులోంచే వచ్చేసింది, కింది మార్గాన పిచికారీతో ఆహారం ఎక్కించారు. పోనుపోను తిన్నది లోపల నిలవడం మొదలైంది. కానీ పొట్ట అంచులూ పైచర్మం అంచులూ అతుక్కుపోయి, మధ్యలో వేలు పట్టేంత రంధ్రం మిగిలిపోయింది. కట్టు కట్టకపోతే తిన్నదీ తాగిందీ బయటికొచ్చేది. రంధ్రాన్ని పూడ్చడానికి డాక్టరు ఎన్నో రకాలుగా ప్రయత్నించాడు. పూడలేదు. కుట్లు వేద్దామంటే అలెక్సిస్ ఒప్పుకోలేదు.

1823లో ఊరి అధికారులు ఇక ఈ అనాథకు ఖర్చు పెట్టలేమనీ, పడవెక్కించి ఎంతో దూరమున్న స్వగ్రామానికి పంపేస్తామనీ అన్నారు. దారిలో పోతాడని బోమాంట్‌కు తెలుసు. అప్పటికి ఆయన సంసారి, జీతం అంతంతమాత్రం. అయినా తనింటికే తీసుకెళ్లాడు. ఇంట్లో పెట్టుకుని దాదాపు రెండేళ్లపాటు కట్లు కట్టాడు, తిండి పెట్టాడు, బట్టలిచ్చాడు. ఇందులో దయే కాదు, తన స్వార్థమూ ఉందని తర్వాత చరిత్ర రాసినవాళ్లు కొందరన్నారు. ఉండొచ్చు. కానీ రోజూ ఒకే పుండు కడిగి కట్టు కట్టే మనిషికి తప్ప ఇంకెవరికీ కనిపించని సంగతొకటి అక్కడ జరిగింది. పొట్ట లోపలి పొర మడత ఒకటి పెరిగి రంధ్రానికి మూతలా అడ్డుపడింది. వేలితో నొక్కితే లోపలికి వెళ్తుంది, వదిలితే మూసుకుంటుంది. ఇక తిన్నది బయటికి రాదు, చూడాలనుకుంటే లోపల ఐదారు అంగుళాల మేర కనిపిస్తుంది. మహా పరిశోధనశాలలవాళ్లకు దొరకనిది ఈ దీవి డాక్టరుకు దొరికింది ఇలాగే, కట్టు కట్టే పనిలో.

1825 ఆగస్టు 1, మధ్యాహ్నం పన్నెండు గంటలు. ఒక పట్టుదారానికి మసాలా దట్టించి వండిన గొడ్డుమాంసం, ఉప్పేసిన పంది కొవ్వు పచ్చిది, ఉప్పేసిన గొడ్డుమాంసం పచ్చిది ఒకటీ ఉడికించింది ఒకటీ, ఎండిన రొట్టె, తరిగిన పచ్చి క్యాబేజీ, వరసగా కట్టి రంధ్రంలోంచి పొట్టలోకి వదిలాడు. అలెక్సిస్ ఇంటి పనుల్లోకి వెళ్లిపోయాడు. ఒంటిగంటకు దారం లాగితే క్యాబేజీ, రొట్టె సగం అరిగాయి, మాంసాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మళ్లీ వదిలాడు. రెండింటికి లాగితే క్యాబేజీ, రొట్టె, పంది కొవ్వు, ఉడికిన మాంసం దారానికి లేనేలేవు. మిగిలినవి పెద్దగా మారలేదు. ఇంతలో అలెక్సిస్‌కు కడుపులో నొప్పి మొదలైంది. ఒకట్రెండు రోజుల్లో తలనొప్పి, మలబద్ధకం. డాక్టరు పొట్టలోకి చూశాడు, లోపలి పొరమీద తెల్లటి మచ్చలున్నాయి. కాలోమెల్ అనే విరేచన మందు మాత్రలు అరడజను, నోట్లో వేయలేదు, తిన్నగా ఆ రంధ్రంలోంచే జారవిడిచాడు. మూడు గంటల్లో విరేచనమై బాగుపడ్డాడు.

ఆగస్టు 7న చేసింది నాకు ఇంకా ఇష్టం. పదిహేడు గంటలు పస్తున్న అలెక్సిస్ పొట్టలో థర్మామీటరు పెడితే పాదరసం నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆగింది. రబ్బరు గొట్టంతో ఔన్సు జఠరరసం బయటికి తీసి చిన్న సీసాలో పోశాడు, అందులో ఉడికిన మాంసం ముక్క వేసి, సీసాను అదే నూరు డిగ్రీల నీళ్లలో ఉంచాడు. అలాంటి ముక్కే ఇంకొకటి దారానికి కట్టి పొట్టలోకి వదిలాడు. పొట్టలో ముక్క త్వరగా కరిగింది. సీసాలో ముక్క నెమ్మదిగా, గంటలు పట్టినా, అదీ కరిగింది. అక్కడ రుబ్బే కండరం లేదు, ప్రాణం లేదు, ఉన్నది రసమూ వెచ్చదనమూ మాత్రమే. జీర్ణం రసాయన క్రియ అని ఈ సీసా కళ్లకు కట్టింది. ఆ రసంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉందని లండన్లో ప్రౌట్ అనే వైద్యుడు అప్పటికే చెప్పి ఉన్నాడు. బోమాంట్ వర్జీనియాలో డంగ్లిసన్, యేల్‌లో సిలిమన్ అనే ప్రొఫెసర్లకు రసం పంపించి పరీక్ష చేయించాడు, సీసాలో కొంత స్వీడన్లోని రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్‌కూ వెళ్లింది. ఆమ్లం ఒక్కటే కాదు, ఇంకేదో ఉందని కూడా బోమాంట్ పట్టుకున్నాడు. ఆ ఇంకేదో పెప్సిన్ అని 1836లో ష్వాన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు.

ఇక మనకు దగ్గరైన సంగతులు. కోపం వచ్చినప్పుడు అలెక్సిస్ పొట్టలోకి పైత్యరసం ఎగదన్నడం, అరుగుదల చెడటం బోమాంట్ చూశాడు. అన్నం దగ్గర కోపం వద్దని మన ఇళ్లలో ఎందుకంటారో ఆయన రాసింది చదివితే తెలుస్తుంది. కొన్ని రోజులు వరసగా మద్యం తాగాక చూస్తే లోపలి పొర ఎర్రబడి పుళ్లు పడి ఉంది, అలెక్సిస్ మాత్రం తనకేం బాధ లేదన్నాడు. లోపల చెడుతున్నా మనిషికి తెలియకపోవచ్చన్న సంగతి రోగుల చేత మద్యం మాన్పించాలని చూసే ప్రతి డాక్టరుకూ ఇప్పటికీ అవసరమే. ఏది ఎంతసేపట్లో పొట్ట వదులుతుందో ఆయన పట్టిక వేశాడు. ఉడికించిన అన్నం గంట, కాచిన పాలు రెండు గంటలు, గట్టిగా ఉడికించిన గుడ్డు మూడున్నర, కాల్చిన పందిమాంసం ఐదుంపావు. పొట్ట వదలడమంటే పూర్తిగా అరగడం కాదు, అన్నంలో పిండిపదార్థం అరిగే పని తర్వాత పేగుల్లోనే ఎక్కువ జరుగుతుంది. అది తెలియడానికి ఇంకా కాలం పట్టింది.

ఇంతవరకూ డాక్టరు మాటే చెప్పాను. అలెక్సిస్ వైపు నుంచి కూడా చూద్దాం రండి. రోజంతా పస్తుండటం, దారాలు లాగించుకోవడం, గొట్టం పెట్టినప్పుడల్లా కడుపులో తిప్పడం, కళ్లు తిరగడం. పైగా ఇంట్లో నౌకరు పని. తన పేరు రాయడం రాని మనిషి. 1825లోనే డాక్టరుకు చెప్పకుండా కెనడాకు వెళ్లిపోయాడు. పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు పుట్టారు. బోమాంట్ తోళ్ల కంపెనీ మనుషుల చేత వెతికించి, ఖర్చులిచ్చి, 1829లో మిసిసిపీ ఒడ్డున క్రాఫర్డ్ కోటకు సంసారంతో సహా రప్పించాడు. 1831లో భార్య ఇంటికి వెళ్దామంది. పిల్లలతో పడవెక్కి మిసిసిపీ, ఒహాయో నదుల మీదుగా సరస్సులు దాటి మాంట్రియల్‌కు చేరాడు. కడుపుకు చిల్లున్న మనిషి చేసిన ప్రయాణమండీ ఇది.

1832లో ఒప్పందం రాసుకున్నారు. ఏడాదిపాటు డాక్టరు ఎక్కడికెళ్తే అక్కడికెళ్లి ప్రయోగాలకు లోబడాలి. బదులుగా తిండి, బస, నూట యాభై డాలర్లు. అందులో నలభై ముందే. అలెక్సిస్ కింద సంతకానికి బదులు గీటు పెట్టాడు. ప్రభుత్వం చేత జీతమిప్పించడానికి సైన్యంలో సార్జెంటుగా కూడా చేర్పించారు. 1833లో ప్లాట్స్‌బర్గ్‌లో పుస్తకం అచ్చయింది, సొంత ఖర్చుతో వెయ్యి ప్రతులు, రెండు వందల ముప్పై ఎనిమిది ప్రయోగాలు, చివర యాభై ఒక్క నిర్ణయాలు. ఏడాదిలో జర్మనీలో అనువాదమైంది. 1834లో అలెక్సిస్ ఇంటికి వెళ్లాడు, ఇక తిరిగి రాలేదు. బోమాంట్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, డబ్బు పెంచాడు, మనిషిని పంపాడు. అలెక్సిస్ మాత్రం పెళ్లాం పిల్లల్ని వదిలి రానని ఒకసారి, ఇంకేదో ఇవ్వమని ఒకసారి అనేవాడు. చివరిదాకా కుదరలేదు. చాలామంది రచయితలు అలెక్సిస్‌ను కృతఘ్నుడిగా, తాగుబోతుగా రాశారు. నాకది బాధ కలిగిస్తుంది. ప్రాణం పోసినంత మాత్రాన ఆ ప్రాణం జీవితాంతం వైద్యుడిది కాదు కదా. బోమాంట్ చేసిన సేవ మీద నాకు గౌరవం తగ్గలేదు, రానన్నవాడి మీద కూడా అంతే గౌరవం ఉంది.

బోమాంట్‌ను సెయింట్ లూయిస్‌కు వేశారు. అక్కడ కొన్నేళ్లకు సైన్యం వదిలేసి సొంత ప్రాక్టీసు పెట్టాడు. పేషెంట్లు బాగానే వచ్చారు, 1849లో కలరా ఊరిని ఊపేసినప్పుడూ పనిచేశాడు. కానీ పాత పేరు ఎలా వెంటాడిందో చూడండి. 1840లో ఒక పత్రికా యజమానిని ఇనుప చేతికర్రతో తలమీద కొట్టారు, బోమాంట్ పుర్రెకు రంధ్రం చేసి ఎముక ముక్కలు తీశాడు, మనిషి దక్కలేదు. విచారణలో ముద్దాయి తరఫువాళ్లు దెబ్బ కంటే డాక్టరు చేసిన రంధ్రమే చంపిందన్నారు. కడుపులోకి చూసినట్టే మెదడులోకి చూడాలని చేశాడన్నారు. యార్క్‌లో రెండు రోజులు నిద్రలేకుండా పుర్రెలు బాగుచేసిన చేతుల మీద పడిన నింద అది. 1853 మార్చిలో రోగిని చూసి వస్తూ మంచు పట్టిన మెట్ల మీద జారిపడ్డాడు, ఏప్రిల్ 25న పోయాడు.

అలెక్సిస్ ఇంకా ఇరవై ఏడేళ్లు బతికాడు. 1880 జూన్‌లో కెబెక్‌లో పోయాడు. అప్పుడు మాంట్రియల్లో ఉన్న విలియం ఆస్లర్ అనే డాక్టరు ఆ పొట్టను పరీక్షించాలనీ, వాషింగ్టన్ సైనిక వైద్య మ్యూజియంలో ఉంచాలనీ ఎంతో ప్రయత్నించాడు. ఇంటివాళ్లు ససేమిరా అన్నారు. ఎండలు కాస్తున్న ఆ రోజుల్లో శవాన్ని నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచారు, ఎవరికీ పరీక్షకు పనికిరాకుండా పోవాలని. చర్చి లోపలికి కూడా తీసుకెళ్లలేకపోయారట. తర్వాత ఎనిమిది అడుగుల లోతున గొయ్యి తవ్వి పూడ్చారు, ఎవరూ తవ్వి తీయకుండా. వాళ్లు చేసిన పని సరైనదేనని నాకనిపిస్తుంది.