తెల్ల సాక్సుల జత

కోదాడలో బస్సు మారి నడిగూడెం చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. మా మేనత్త వాకిట్లో యాసంగి వడ్లు కాళ్ళతో తిరగేస్తోంది. సిమెంటు గచ్చు సెగ నా చెప్పుల్లోంచి కూడా తెలుస్తోంది. "కాళ్ళు కాలట్లేదా అత్తయ్యా?" అని అడిగాను.

"ఏమో నాయనా, నాకేం తెలుస్తలేదు."

ఆ జవాబుకి నా గుండె జారిపోయింది. షుగరు ఉన్నవాళ్ళు మంటలని, తిమ్మిర్లని చెప్పుకుంటారు. అంతకంటే భయపడాల్సింది ఏమీ తెలియని స్థితికి. ఏళ్ళ తరబడి షుగరు అదుపు తప్పితే అన్నిటికంటే పొడవైన నరాలు, అంటే పాదాల దాకా పోయేవి, ముందు చెడతాయి. ముల్లు దిగినా, చెప్పులో రాయి పడినా కబురు పైకి రాదు. దానికి రక్తప్రసరణ తగ్గడం కూడా తోడైతే పుండు మానదు. అత్తయ్య ఎడమకాలి చిటికెన వేలు నిరుడు అలాగే పోయింది.

అందుకే హైదరాబాదు నుంచి ఆమెకు షుగరు సాక్సులు రెండు జతలు తెచ్చాను. చూసి పక్కన పెట్టేసింది. "మెట్టెల మీద ఎక్కవురా అయ్యి. అయినా ఇంట్ల సాక్సులేంది?"

సాయంత్రం తెగిన చెప్పు వారు వేయించడానికి బజారుకెళ్ళాం. చెప్పులు కుట్టే పెద్దాయన వయసులో ఉండగా ఒక కుష్ఠు ఆసుపత్రిలో ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు చేయడం నేర్చుకున్నాడట. అరికాలి కింద మెత్తగా నొక్కుకుపోయే రబ్బరు, ఎక్కడా మేకు ఉండదు, మడమ వెనక పట్టీ తప్పనిసరి. స్పర్శ పోయిన కాలి నుంచి హవాయి చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు కనుక ఆ పట్టీ. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగులను దగ్గరగా చూసి, వాళ్ళ వేళ్ళు ఎక్కువగా పాడవుతున్నది నొప్పి తెలియక తగిలే దెబ్బలవల్లేనని గ్రహించాడు. అలా నొప్పి తెలియని పాదాల కోసం వాడిన ఎంసీఆర్ చెప్పులే తర్వాత షుగరు పాదాలకూ వచ్చాయి.

నా సంచిలోని సాక్సు తీసి పెద్దాయన చేతికిచ్చాను. ఆరె పక్కన పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, మణికట్టు దాకా లోపలికి దూర్చాడు. కుట్టిన ప్రతి చెప్పులోనూ మేకు మొన కోసం తడిమే చెయ్యి అది. వేళ్ళ దగ్గర ఒకసారి, మడమ దగ్గర ఒకసారి నిదానంగా తిప్పి చూశాడు. "దీంట్ల కుట్టు లేదు," అన్నాడు. తర్వాత నా బూటు విప్పించి, నా సాక్సు తిరగేసి వేళ్ళ దగ్గరున్న లావుపాటి కుట్టు మీద గోరు పెట్టాడు. "ఇది నీకు ఒరుసుకుంటే సర్దుకుంటవు. చెల్లెమ్మకు తెల్వదు. పొద్దంతా ఒరుసుకుంటది. గంతే, పుండు."

నేను చదివి తెలుసుకున్నదంతా ఆయన గోరు మొన దగ్గర తేలింది. షుగరు సాక్సు పైపట్టీ పిక్కను బిగించదు, అరికాలి కింద మందం, చెమట పీల్చే నూలు. రంగు తెలుపు, రక్తమో చీమో అంటితే కనబడాలని. పిక్క వాపు తగ్గించే బిగుతు సాక్సులు వేరు, రక్తనాళాలు మూసుకుపోతున్న కాలికి డాక్టరు చూడకుండా వాటిని వేస్తే ముప్పు.

మరి ఇంట్లో? గడప దగ్గర చెప్పులు విడిచే ఇళ్ళు మనవి. షుగరు పాదాలు మాత్రం ఇంట్లో కూడా వట్టిగా గానీ, ఒక్క సాక్సులతో గానీ నడవకూడదు. ఇంటికని ప్రత్యేకంగా ఒక జత చెప్పులు ఉంచుకుంటే మడికీ మర్యాదకీ లోటు రాదు. ఈ మాట మన ఆడవాళ్ళకి కూర్చోబెట్టి చెప్పేవాళ్ళేరీ?

నడిగూడెం మామూలు ఊరు కాదు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు కోట ఇక్కడే ఉంది. జెండా వెంకయ్య కాకముందు పింగళి వెంకయ్య కంబోడియా పత్తి మీద ప్రయోగాలు చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్నదీ ఈ రాజావారి ఆశ్రయంలోనే. పత్తి పోగు గురించి అంత తపన పడ్డ ఊళ్ళో, పాదానికి కావలసిన నూలు జత కోసం రాజధాని దాకా పోవాలా? దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటేనని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. అత్తయ్యకి మాత్రలు నెలనెలా అందుతున్నాయి, రక్తపరీక్ష జరుగుతోంది. వేలు పోయేదాకా ఆమె అరికాలు ఎత్తి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు అరికాలికి ఆనిస్తే స్పర్శ ఉందో లేదో తెలిసిపోతుంది. నిమిషాల పని. పెద్దాయన దగ్గర ఈ పని నేర్చుకుంటున్నవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఆయన తర్వాత ఎంసీఆర్ చెప్పు కుట్టేదెవరు?

ఆ సాయంత్రమే పెద్దాయన అత్తయ్య కాలు ఒళ్ళో పెట్టుకుని రెండో వేలు చూపించాడు. ఉబ్బిన కండలోకి మెట్టె దిగిపోయి ఉంది. "ఇది తియ్యాలె చెల్లెమ్మా."

"ఆయన ఉండంగ మెట్టెలు తీస్తనా అన్నా?"

రాత్రి మామయ్యకి చెప్పాను. ఏమీ మాట్లాడకుండా సబ్బు తెచ్చి, నురగ చేసి, తన చేత్తోనే మెట్టె జార్చాడు. కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి తెల్ల సాక్సులు తొడిగాం.

తెల్లారి అత్తయ్య సాక్సు విప్పి, పెద్దాయన చూపించినట్టే తిరగేసింది. రెండో వేలు చోట మినపగింజంత పసుపు మరక. వేలు ఎత్తి చూస్తే అడుగున చర్మం తడిగా విచ్చుకుని ఉంది. "నొప్పేం లేదురా," అంది.

మామయ్య అప్పటికే చొక్కా తొడుక్కున్నాడు. కోదాడకి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోమన్నాడు.