డాలరు నోటు మీద బొమ్మ ఎవరిది?

డాలర్లు సంపాదించుకోడానికి ఇంతదూరం వచ్చాం కదా, ముందుగా ఓ డాలరు కథ చెప్తాను. 1966 ఫిబ్రవరి 14న ఆస్ట్రేలియా పౌండ్లు మానేసి డాలర్లలోకి మారింది. అప్పుడు అచ్చేసిన ఒక డాలరు నోటు వెనక పక్క, చెట్టు పట్ట మీద వేసిన ఓ ఆదివాసీ చిత్రాన్ని వాడుకున్నారు. వేసినాయన పేరు డేవిడ్ మలంగి. ఉత్తరాన ఆర్నెమ్ లాండ్ ఆయనది. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎవరో పాతకాలం మనిషి వేసుంటాడు, ఎప్పుడో పోయుంటాడు అనుకున్నారట! తీరా చూస్తే మనిషి నిక్షేపంగా ఉన్నాడు. సంగతి బయటపడ్డాక రిజర్వ్ బ్యాంకు గవర్నరు కూంబ్స్ ఆయనకి వెయ్యి డాలర్లు, ఓ పతకం, చేపలు పట్టుకునే సామాను ఇప్పించాడు.

చేపల సామాను దగ్గర నవ్వొస్తుంది కానీ, "ఎవరో వేసుంటాడు" అన్న మాట దగ్గర నాకు నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే మన చీరల గురించి మనమూ అలాగే అనుకుంటాం.

కిందటేడు మెల్‌బోర్న్‌లో దీపావళి మేళాకి వెళ్ళాం. ఓ స్టాల్లో చీరల మీద "పోచంపల్లి" అని రాసి పెట్టారు. మా ఆవిడ ఒకటి తీసి తిరగేసి చూసింది. లోపలి పక్క రంగు వెలిసినట్టుంది.

"ఇది ప్రింటు కదండీ?" అంది.

"అవునండీ, పోచంపల్లి ప్రింటు. కడితే ఎవరూ కనిపెట్టలేరు," అందావిడ నవ్వుతూ. పాపం, అబద్ధం మాత్రం చెప్పలేదు.

అసలు ఇక్కత్ ఎలా చేస్తారో తెలిస్తే ఆ మాట గుచ్చుకుంటుంది. అందులో బట్ట మీద అద్దేదేమీ ఉండదు. నేయకముందే నూలుకి లెక్క ప్రకారం ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి మళ్ళీ ముంచుతారు. మగ్గం ఎక్కాక దారాలు వాటి వాటి చోట్లలో కూర్చుంటే డిజైను తేలుతుంది. అందుకే రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త అలుక్కుపోయినట్టుంటాయి.

ముడులు కట్టడానికి ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పడమన్నమాట. ఒక్క చీరకి సుమారు తొమ్మిదివేల సార్లు చెయ్యి ఆడాలి. ఇది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళ పని. ఆలేరు దగ్గర శారాజిపేట వాసి చింతకింది మల్లేశం వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకే 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

నేనేమో కన్సల్టెంటుని. ప్రతి శుక్రవారం టైమ్‌షీట్ నింపుతాను. మీటింగులో ఆవలించిన పావుగంటకి కూడా బిల్లింగ్ కోడ్ ఉంటుంది! ఆసు పోసే అమ్మకి టైమ్‌షీట్ లేదు. మాస్టర్ వీవర్ నూలిచ్చి, చీర తీసుకుని, చీరకింత అని మజూరీ ఇస్తాడు. ఇంటిల్లిపాది పనీ అందులోనే కలిసిపోతుంది. ఆమె గంటలు ఎవరి లెక్కలోకీ రావు.

చట్టం లేదా అంటే ఉంది. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి 2003 నుంచి అమల్లో ఉంది, పోచంపల్లి ఇక్కత్‌కి ఆ గుర్తింపూ ఉంది. కానీ అది ఊరి పేరుని కాపాడుతుంది. నేసినవాళ్ళ పేరు చెప్పదు, వాళ్ళకెంత ముట్టిందో అసలే చెప్పదు. ఇక్కడా అంతే. ఇండోనేషియాలో చేయించిన వస్తువుల్ని ఆదివాసీలు చేత్తో రంగులేసినవన్నట్టు అమ్మినందుకు బిరూబీ ఆర్ట్ అనే కంపెనీకి 2019లో కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అప్పటికే కంపెనీ దివాలా తీసింది. జరిమానా పడ్డంత మాత్రాన చిత్రకారుడి జేబులోకి పైసా రాదు.

"మరీ అంత ధరలు పెడితే ఎవరు కొంటారు బాసూ, ప్రింటు కట్టుకుంటే తప్పేంటి?" అంటాడు మా ఫ్రెండ్. తప్పేం లేదు. ప్రింటుని ప్రింటు అని అమ్మితే చాలు, పోచంపల్లి పేరు వదిలేస్తే చాలు. ధర సంగతంటారా, మనమిచ్చే డబ్బులో మగ్గం దాకా వెళ్ళేదెంతో తెలియకుండా ఎక్కువా తక్కువా అని ఎలా తేలుస్తాం?

అందుకని ఈమధ్య మేం ఇండియా వెళ్ళినప్పుడు, ఇక్కడ ఎగ్జిబిషన్లలోనూ, కొనేముందు రెండే ప్రశ్నలు అడుగుతున్నాం. ఎవరు నేశారు? వాళ్ళకి మజూరీ ఎంత ఇచ్చారు? చాలామంది మొహం మాడ్చుకుంటారు. ఒకాయన మాత్రం ఫోన్ తీసి, నేసినాయనతో మాట్లాడించాడు. పది నిమిషాలు మాట్లాడాక, "ఆసు ఎవరు పోశారండీ?" అని మా ఆవిడ అడిగింది.

"మా ఇంటామె, అమ్మా. ఇంతవరకు ఎవరూ అడగలే," అన్నాడాయన.

ఆమె పేరు కూడా అడిగి, బిల్లు వెనకాల రాసుకున్నాం.